విమానం ఎన్ని గంటలు ఎగిరింది?

తెల్లవారి ఏడు గంటలయింది. పెద్దతిప్పసముద్రంలో ఒక ఇంటి అరుగు మీద ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో సెల్‌ఫోను ఉంది. పొయ్యి రాజెయ్యలేదు. పాలు పితకలేదని ఆవు అరుస్తా ఉంది.

పక్కింటి కోడలు బిందె తీసుకుని పోతూ ఆగింది.

"ఏమత్తా, ఇట్ల కూర్చోనుండావు? ఒంట్లో బాగలేదా?"

"పాప ఫోను రాలేదమ్మా. రాత్రి రెండూ ఇరవైకి విమానం ఎగురుతాదన్నారు. ఐదుకు కువైట్‌లో దిగుతాదన్నారు. ఇప్పుడు ఏడయింది. రెండు గంటలయిపాయ. విమానానికి ఏమన్నా అయిందేమో."

"టికెట్టు కాగితం ఉందా?"

ఉంది. పాప పోయేముందు ఒక జిరాక్సు ఇంట్లో ఇచ్చి పోయింది. వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపి ఉంది. కోడలు ఆ కాగితం తీసుకుని కూడబలుక్కుంటూ చదివింది. వేళ్ల మీద లెక్క పెట్టింది. తర్వాత నవ్వింది.

"అత్తా, పాప ఇంకా ఆకాశంలోనే ఉంది. విమానం దిగనే లేదు. ఇంకా అరగంట ఉంది."

"ఐదుకు దిగుతాదని రాసిందే!"

"ఆ ఐదు మన ఐదు కాదత్తా. కువైట్ ఐదు."

ఫోను తొమ్మిదికి మోగింది. పాప క్షేమంగా దిగింది. కానీ ఐదు నుంచి తొమ్మిది దాకా ఆ తల్లి పడిన బాధ మాటల్లో చెప్పలేం. ఆమెకు అంకెలు వచ్చు. కూడికలు, తీసివేతలు వచ్చు. గడియారం చూడటం కూడా వచ్చు. తెలియనిది ఒక్కటే. రెండు ఊళ్లలో రెండు గడియారాలు వేరువేరుగా తిరుగుతాయి. ఈ పాఠంలో ఆ సంగతి నేర్చుకుందాం.

ఎంత దూరం?

మన మదనపల్లె వైపు నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి చాలామంది ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోతుంటారు. మన పెద్దతిప్పసముద్రం వాళ్లకు దగ్గరగా ఉండే పెద్ద విమానాశ్రయం బెంగళూరుదే. అది బెంగళూరు నగరం నడిమధ్యలో లేదు. ఊరికి ఉత్తరాన, దేవనహళ్లి దగ్గర ఉంది. 2008 మే నెల నుంచి అక్కడే విమానాలు దిగుతున్నాయి. దానికి కెంపేగౌడ పేరు పెట్టారు. పట్టుగూళ్లు అమ్మటానికి శిడ్లఘట్టకు పోయినవాళ్లకు సగం దారి తెలిసినట్లే. చింతామణి, శిడ్లఘట్ట దాటి ఇంకా పోతే దేవనహళ్లి వస్తుంది. మన ఊరి నుంచి నూరు కిలోమీటర్ల పైచిలుకు. బస్సులు మారి పోతే మూడు నాలుగు గంటలు పడుతుంది.

అక్కడి నుంచి కువైట్ విమానాశ్రయం సుమారు 3,540 కిలోమీటర్లు.

ఈ అంకె చదివితే మనసుకు ఎక్కదు. అందుకే ఇట్లా చూద్దాం. మన పల్లె బస్సు గంటకు 40 కిలోమీటర్లు పోతుంది అనుకోండి. ఆ బస్సుకు సముద్రం మీద రోడ్డు వేసి, ఎక్కడా ఆపకుండా నడిపారు అనుకోండి. 3,540ని 40తో భాగిస్తే 88న్నర గంటలు వస్తుంది. అంటే మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు, ఆ పైన ఇంకా పదహారున్నర గంటలు. విమానం ఇదే దూరాన్ని సుమారు 5 గంటల్లో దాటుతుంది. మనం సాయంత్రం బస్సెక్కి హైదరాబాదులో తెల్లారి దిగే ప్రయాణం కంటే అది తక్కువ.

పెద్ద విమానాలు గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. నేలకు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతాయి. మన ఏనుగుమల్లమ్మ కొండ, అదే హార్సిలీ కొండ, సముద్రమట్టం నుంచి సుమారు 1,265 మీటర్ల ఎత్తు. అట్లాంటి కొండలు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పెడితే విమానం పోయే దారి అందుతుంది.

పొద్దు ఒకటే, గడియారాలు రెండు

రాత్రిపూట ఒక గుమ్మడికాయ తీసుకోండి. కరెంటు దీపం ఒక్కటే వెలిగించండి. గుమ్మడికాయను దీపం ముందు పెట్టి మెల్లగా తిప్పండి. దీపం వైపు ఉన్న పక్క వెలుగు. అవతలి పక్క చీకటి. తిప్పేకొద్దీ చీకట్లో ఉన్న చోటు వెలుగులోకి వస్తుంది. భూమి కూడా ఇంతే. పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. తూర్పున ఉన్నవాళ్లకు ముందు తెల్లారుతుంది. పడమర ఉన్నవాళ్లకు తర్వాత తెల్లారుతుంది.

ఇది మన రాష్ట్రంలో కూడా ఉంది. కాకినాడలో పొద్దు పొడిచిన పావుగంటకు గానీ మన పెద్దతిప్పసముద్రంలో పొడవదు. అయినా కాకినాడకూ మనకూ గడియారం ఒకటే. ఊరికొక టైము పెట్టుకుంటే రైళ్లు, బస్సులు, బళ్లు, ఆఫీసులు నడవవు. అందుకని దేశం మొత్తానికి ఒకే టైము పెట్టుకున్నాం.

ఆ టైము ఎక్కడిది? భూమి బంతిని నిలువుగా 360 గీతలుగా పంచారు. వాటిని డిగ్రీలు అంటారు. భూమి 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు. మన దేశం 82న్నర డిగ్రీల గీతను పట్టుకుని టైము పెట్టుకుంది. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. కువైట్ వాళ్లు 45 డిగ్రీల గీతను పట్టుకున్నారు.

82న్నరలో 45 తీసేస్తే 37న్నర.
37న్నరను 4తో హెచ్చిస్తే 150 నిమిషాలు.
150 నిమిషాలు అంటే రెండున్నర గంటలు.

కువైట్ మనకు పడమర. కాబట్టి వాళ్ల గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు ఉదయం ఏడున్నర అయితే వాళ్లకు ఐదు. పక్కింటి కోడలు వేళ్ల మీద వేసిన లెక్క ఇదే. సౌదీ, ఖతర్, బహ్రెయిన్‌లకు కూడా రెండున్నర గంటల తేడానే. దుబాయి, అబుధాబి, మస్కట్‌లకు ఒకటిన్నర గంట తేడా.

టికెట్టు చదువుదాం

టికెట్టు మీద ప్రతి ఊరి పక్కనా ఆ ఊరి టైమే వేస్తారు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఆ పాప టికెట్టు మీద ఇట్లా ఉంది:

బెంగళూరు, 15వ తేదీ, 02:20
కువైట్, 15వ తేదీ, 05:00

రెండూ ఇరవై నుంచి ఐదు దాకా లెక్క పెడితే రెండు గంటల నలభై నిమిషాలు వస్తుంది. ఆ తల్లి ఇంతే అనుకుంది. కానీ ఐదును మన టైములోకి మార్చాలి. దానికి రెండున్నర గంటలు కలపాలి. ఏడున్నర అవుతుంది. రెండూ ఇరవై నుంచి ఏడున్నర దాకా అంటే ఐదు గంటల పది నిమిషాలు. విమాన ప్రయాణం అంత.

తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తలకిందులుగా వస్తుంది. అప్పుడు టికెట్టు మీద గంటలు ఎక్కువగా కనిపిస్తాయి. అందులోంచి రెండున్నర తీసెయ్యాలి.

ఇంకొక సంగతి. పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు విమానం కొంచెం త్వరగా వస్తుంది. దూరం ఏమీ తగ్గదు. అంత ఎత్తున గాలి చాలావరకు పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో అది ఇంకా జోరుగా ఉంటుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కరలేదు. కువైట్‌కు పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి.

ఏ రాత్రి పోవాలి?

టికెట్టులో ఉదయం, సాయంత్రం అని రాయరు. సున్నా నుంచి 24 దాకా గంటలు వేస్తారు. 13 అంటే మధ్యాహ్నం ఒకటి. 18 అంటే సాయంత్రం ఆరు. 20:30 అంటే రాత్రి ఎనిమిదిన్నర. పన్నెండు దాటిన అంకె కనిపిస్తే అందులోంచి 12 తీసెయ్యండి. మన టైము వస్తుంది.

అసలు చిక్కు అర్ధరాత్రి దగ్గర ఉంది. మనం తేదీని తెల్లవారుజాము నుంచి లెక్క పెడతాం. కోడి కూసే దాకా మనకు నిన్నటి రాత్రే. విమానం వాళ్లకు అట్లా కాదు. రాత్రి పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది.

నాకు తెలిసిన ఒక చెల్లెలికి ఇక్కడే దెబ్బ తగిలింది. టికెట్టు మీద 15వ తేదీ 02:20 అని ఉంది. 15వ తేదీ రాత్రి గదా అనుకున్నారు ఇంటివాళ్లు. ఆ రోజు పగలంతా చుట్టాలు వచ్చి పోయారు. గుడికి పోయి టెంకాయ కొట్టారు. రాత్రి 11 గంటలకు విమానాశ్రయం వాకిట్లో దిగారు. గేటు దగ్గర పోలీసు టికెట్టు చూసి, "ఈ విమానం పోయింది కదమ్మా" అన్నాడు. అది అంతకు ముందు తెల్లవారుజామునే ఎగిరిపోయింది. అప్పటికి 20 గంటల 40 నిమిషాలు దాటింది. వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్న టికెట్టు అది. మళ్లీ అప్పు చెయ్యాల్సి వచ్చింది. ఆ చెల్లెలు నాతో ఈ మాట చెప్పేటప్పుడు ఏడవలేదు. ఎన్ని వేలు, ఎంత వడ్డీ అని లెక్క మాత్రం పైసలతో సహా చెప్పింది.

కాబట్టి 15వ తేదీ 02:20 అంటే, 14వ తేదీ రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. వేరే దేశానికి పోయే విమానానికి మూడు గంటల ముందు రమ్మంటారు. పెట్టె తూచి టికెట్టు ఇచ్చే కౌంటరును చాలా విమానాలకు గంట ముందే మూసేస్తారు. వెనక నుంచి లెక్క పెట్టుకుందాం. విమానం 2:20కి. మూడు గంటలు ముందంటే 14 రాత్రి 11:20. దారికి నాలుగు గంటలు. అంటే 7:20. బస్సు దొరక్క, టైరు పంచరయి ఆలస్యం కావచ్చు. దానికి ఒక గంట పైన వేసుకోండి. 14వ తేదీ సాయంత్రం ఆరు కొట్టేసరికి ఊరు దాటి ఉండాలి.

ఇప్పుడు గడప నుంచి గడప దాకా చూడండి. సాయంత్రం ఆరుకు మన ఇల్లు. కువైట్‌లో ఐదుకు దిగితే, పాస్‌పోర్టు చూపించి, పెట్టె తీసుకుని, పని ఇంటికి చేరేసరికి అక్కడ ఏడు అనుకుందాం. మన టైములో తొమ్మిదిన్నర. మొత్తం పదిహేనున్నర గంటలు. అందులో విమానం ఎగిరింది ఐదు గంటల చిల్లర. మిగతా పది గంటలు బస్సులు, వరసలు, ఎదురుచూపులు. తినటానికి ఏమైనా మూట కట్టుకుని పోయేటప్పుడు విమానానికి మాత్రమే కాదు, ఆ పది గంటలకు కట్టుకోవాలి.

కొన్ని టికెట్లు తక్కువ ధరకు వస్తాయి. అవి నేరుగా పోవు. మస్కట్‌లోనో, షార్జాలోనో, దోహాలోనో దించి ఇంకో విమానం ఎక్కిస్తాయి. అప్పుడు భయపడొద్దు. మధ్యలో ఎన్ని చోట్ల దిగినా సరే, బయలుదేరే మొదటి ఊరి టైము, చేరే చివరి ఊరి టైము తీసుకోండి. చివరి దాన్ని మన టైములోకి మార్చండి. ఆ రెండింటికీ తేడాయే మొత్తం ప్రయాణం. ఐదు గంటల దారి ఒక్కోసారి పది, పన్నెండు గంటలు అవుతుంది. టికెట్టు ఎంతకు వచ్చిందని అడిగే ఏజెంటును, ఎన్ని గంటలని కూడా అడగండి. ఆ కాగితం జిరాక్సు ముందుగానే తీసుకోండి. గేటు దగ్గర ఇస్తానంటే ఒప్పుకోవద్దు.

దారి మూసుకుపోయినప్పుడు

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎప్పుడూ ఒకటే. పట్టే కాలం మాత్రం ఒకటి కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. కువైట్ విమానాశ్రయం మూతపడింది. మన దేశం వాళ్లు లక్ష మందికి పైగా అక్కడ చిక్కుకున్నారు. వాళ్లను ఎట్లా తేవాలి? బస్సుల్లో ఎడారి గుండా బాగ్దాద్‌కు, అక్కడి నుంచి జోర్డాన్ దేశంలోని అమ్మాన్‌కు చేర్చారు. అమ్మాన్ నుంచి బొంబాయికి విమానాలు నడిపారు. ఆ దారి నాలుగు వేల కిలోమీటర్లకు పైనే. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 సార్లు విమానాలు నడిపింది. ఐదు గంటల్లో ఇల్లు చేరాల్సినవాళ్లు ఎండలో, గుడారాల్లో రోజులకు రోజులు కాచుకుని ఇల్లు చేరారు.

ఆడవాళ్లు నడిపిన విమానం

కువైట్ దూరం అనుకుంటున్నాం గదా. దానికి నాలుగింతల దూరం ఒక్క ఎగురులో వచ్చిన విమానం ఉంది. అమెరికాలో పడమటి ఒడ్డున శాన్ ఫ్రాన్సిస్కో అనే నగరం ఉంది. అక్కడి నుంచి బెంగళూరు సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఈ దూరాన్ని మధ్యలో ఎక్కడా దిగకుండా దాటింది. నడిపిన పైలట్లు నలుగురూ ఆడవాళ్లే. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్.

వాళ్లు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. బెంగళూరుకు రావటానికి మంచు దేశం మీదుగా ఎందుకు రావాలి? మన గుమ్మడికాయనే మళ్లీ తీసుకోండి. తొడిమ పైకి పెట్టండి. తొడిమే ఉత్తర ధ్రువం. నడుముకు కాస్త పైన ఒక పక్క బొగ్గుతో చుక్క పెట్టండి. అది బెంగళూరు. దాదాపు దానికి అవతలి పక్క, తొడిమకు కొంచెం దగ్గరగా ఇంకో చుక్క పెట్టండి. అది శాన్ ఫ్రాన్సిస్కో. రెండు చుక్కలనూ ఒక దారంతో కలపండి. నడుము చుట్టూ తిప్పి కలిపితే దారం ఎక్కువ పడుతుంది. తొడిమ పక్కగా లాగి కలిపితే తక్కువ పడుతుంది. గోడ మీద పటంలో అడ్డంగా కనిపించే దారి దగ్గర కాదు. గుండ్రటి భూమి మీద దగ్గర దారి అదే.

ఇందులోనూ టైము లెక్క ఉంది. ఆ విమానం జనవరి 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అక్కడ లేచింది. 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. తేదీలు చూస్తే 9, 10, 11. రెండు రోజులు ఎగిరిందా? లేదు. చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కో గడియారం మన కంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర అయితే మనకు 10వ తేదీ ఉదయం పది. అక్కడి నుంచి లెక్క పెట్టండి. 17 గంటలు దాటింది, అంతే.

ఫోను ఎప్పుడు చెయ్యాలి?

మన అరుగు మీది తల్లి దగ్గరికి మళ్లీ పోదాం. ఆమెకు తెల్లారి ఆరుకు ఆవు పాలు పితికి, డెయిరీలో పోసి, పాపకు ఫోను చేసే అలవాటు పడింది. పాప ఎప్పుడూ నిద్రగొంతుతో మాట్లాడేది. "ఏమ్మే, ఒంట్లో బాగలేదా?" అంటే, "ఏం లేదుమా, బాగుండాను" అనేది.

ఒకరోజు ఆ తల్లి పలక తీసుకుని లెక్క వేసింది. మనకు ఆరు. రెండున్నర తీసేస్తే మూడున్నర. తెల్లవారుజాము మూడున్నర! పని ఇంట్లో అంట్లు తోమి, పిల్లలను పడుకోబెట్టి, రాత్రి పన్నెండుకు పడుకున్న పిల్లను తాను ఇన్నాళ్లూ రోజూ మూడున్నరకు లేపుతా ఉంది. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆమె ఆరుకు ఫోను చెయ్యలేదు. పాపను అడిగి, మధ్యాహ్నం అక్కడ ఏ వేళకు తీరిక అవుతుందో తెలుసుకుంది. మూడు గంటలకు అని చెప్పింది. మన ఐదున్నర. మేత వేసి వచ్చి కూర్చునే వేళ. ఇంట్లో క్యాలెండరు పక్కన గోడ మీద రెండు వరసలు రాసుకుంది. ఒక వరసలో మన గంటలు, ఒక వరసలో కువైట్ గంటలు.

మీరు కూడా మీ పలక మీద రాయండి. మనకు మధ్యాహ్నం 12 అయితే కువైట్‌లో ఎంత? కువైట్‌లో రాత్రి 10 అయితే మనకు ఎంత? రెండోది రాసేటప్పుడు తేదీ కూడా వెయ్యండి.

రెండేళ్లకు ఆ పాప సెలవు మీద బయలుదేరింది. టికెట్టును ఫోనులో ఫోటో తీసి పంపింది.

కువైట్, 10వ తేదీ, 20:30
బెంగళూరు, 11వ తేదీ, 03:45

తల్లి కళ్లద్దాలు పెట్టుకుని పలక ముందేసుకుంది. 20:30 అంటే రాత్రి ఎనిమిదిన్నర. మన టైములో రాత్రి పదకొండు. అక్కడి నుంచి 3:45 దాకా నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. పోయిననాటి కంటే 25 నిమిషాలు తక్కువ. వెనక గాలి.

కొడుకు పొలం నుంచి వచ్చినాడు. ఫోటో చూసి, "11వ తేదీ గదమ్మా. ఆ రాత్రి కారు మాట్లాడుకోని పోదాంలే" అన్నాడు.

"11 రాత్రికి మీ అక్క ఇంట్లో సంగటి తింటా ఉంటుంది రా. కారు 10వ తేదీ రాత్రికి మాట్లాడు" అనింది తల్లి.